గణకయంత్రం తరాలు – మన పిల్లల తరం



చరిత్ర అనగానే మనకు కోటలు, సుల్తానులు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. ఈ సంచికలో మేము రాస్తున్నది మరో రకం చరిత్ర. ఇందులో రాజులు లేరు. లెక్కల మాస్టర్లు, కరెంటు పని తెలిసినవాళ్ళు, చేతిరాత కళాకారులు, ఉద్యోగం చేసుకునే ఆడపిల్లలు వున్నారు. అది కంప్యూటరు చరిత్ర. దీనిని తెలుగులో గణకయంత్రం అన్నారు. ఇప్పుడు కంప్యూటరు అనే మాటే ఇంటింటా నిలిచిపోయింది కాబట్టి మేమూ ఆ మాటనే వాడతాం.

ఈ విషయం ఎన్నుకోవడానికి కారణం వుంది. మన మహల్లాల్లో కంప్యూటరు గురించి రెండు మాటలు తరచు వింటూ వుంటాం. ఒకటి: "అది ఇంగ్లీషు వాళ్ళ వస్తువు, ఇంగ్లీషు మీడియం పిల్లలకే అబ్బుతుంది, ఉర్దూ మీడియం వాడికి దానితో ఏం పని?" రెండవది: "అది వచ్చి చేతి పనివాడి రోజీ తీసేస్తుంది." ఈ రెండు మాటల్లో ఎంత నిజం వుందో తేల్చుకోవాలంటే ఆ యంత్రం ఏ దారిన నడిచి మన దాకా వచ్చిందో తెలుసుకోవాలి.

పేరు ఎక్కడిది?

మొదటి మాటకు సమాధానం పన్నెండు వందల ఏళ్ళ వెనక బాగ్దాదులో దొరుకుతుంది. ఖలీఫా మామూన్ కాలంలో, అంటే 813–833 మధ్య, అక్కడి బైతుల్ హిక్మా అనే విద్యాపీఠంలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు పనిచేసేవారు. ఆయన రెండు గొప్ప పనులు చేశారు. తెలియని రాశిని కనుక్కునే పద్ధతి మీద ఒక గ్రంథం రాశారు. ఆ గ్రంథం పేరులోని "అల్ జబ్ర్" అనే మాట నుంచే ఆల్జీబ్రా అనే పేరు వచ్చింది. మన పిల్లలు బీజగణితం అని చదివేది అదే. రెండవది, మన హిందూస్తాన్ నుంచి వెళ్ళిన సున్నాతో కూడిన అంకెల పద్ధతిని వివరిస్తూ ఇంకొక పుస్తకం రాశారు. సున్నాతో లెక్క చేసే నియమాలను 628లోనే మన బ్రహ్మగుప్తుడు రాసిపెట్టాడు. అరబ్బులు ఆ అంకెలను హిందూ అంకెలు అనే పిలిచారు. ఎక్కడి నుంచి నేర్చుకున్నారో ఆ ఊరి పేరు దాచలేదు.

ఖ్వారిజ్మీ గారి లెక్కల పుస్తకం పన్నెండవ శతాబ్దంలో లాటిన్ భాషలోకి వెళ్ళింది. అక్కడి వాళ్ళ నోట ఆయన పేరు "అల్గోరిత్మి" అయింది. ఆ పేరే ఈనాడు ప్రతి కంప్యూటరు విద్యార్థి నోట్లో నలిగే "అల్గోరిదం". ఒక పనిని వరుసగా, మెట్టు మెట్టుగా, ఏ అడుగూ తప్పకుండా చెప్పే విధానం అని దాని అర్థం. బిర్యానీ వండే పద్ధతిని ఇంట్లో అమ్మీ కూతురికి వరుసగా చెప్పినట్లే. యంత్రానికి కావలసింది అటువంటి వరుస. కాబట్టి ఇది పరాయి వస్తువు అనుకోవలసిన పని లేదు. హింద్ అంకెలు, బాగ్దాద్ పద్ధతి, తర్వాత యూరపు యంత్రం – ముగ్గురి సొత్తూ ఇందులో వుంది.

అట్టముక్కల చిల్లులు

యంత్రం వైపు మొదటి అడుగు నేత పనిలో పడింది. 1804లో ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన చిల్లులు పొడిచిన అట్టముక్కలతో మగ్గం మీద డిజైను నేసే ఏర్పాటు చేశాడు. చిల్లు వున్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మన ధర్మవరం పట్టు మగ్గాల మీద జకార్డు పెట్టి నేసినవాళ్ళకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అనే గణితవేత్త 1830లలో ఈ చిల్లుల అట్టలతోనే లెక్కలు చేసే పెద్ద యంత్రానికి ప్లాను గీశాడు. పళ్ళ చక్రాలతో నడిచే ఆ యంత్రం ఆయన బతికి వుండగా పూర్తి కాలేదు. కాని 1843లో ఎడా లవ్‌లేస్ అనే మహిళ ఆ యంత్రం చేత ఒక లెక్క ఎలా చేయించాలో వరుసగా రాసి ప్రచురించింది. యంత్రం ఇంకా పుట్టకముందే దాని కోసం రాసిన ప్రోగ్రాం అది. అంకెలనే కాక సంగీతం వంటి వాటిని కూడా అటువంటి యంత్రం నడపగలదని ఆమె ఆనాడే ఊహించింది.

అమెరికాలో 1880 జనాభా లెక్కలు తేలడానికి ఏడెనిమిది ఏళ్ళు పట్టింది. 1890లో హోలరిత్ అనే ఇంజనీరు మనిషికొక అట్టముక్క చొప్పున చిల్లులు పొడిపించి, కరెంటుతో నడిచే తన యంత్రం చేత వాటిని లెక్కపెట్టించాడు. ఆరు కోట్లకు పైబడిన జనం లెక్క ఎంతో త్వరగా తేలింది. ఆయన కంపెనీ కొన్నింటితో కలిసిపోయి 1924లో ఐ.బి.ఎం. అనే పేరు పెట్టుకుంది.

మొదటి తరం: వాల్వులు

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు వాల్వు రేడియో గుర్తుండే వుంటుంది. స్విచ్ వేసిన తరువాత వాల్వులు వేడెక్కి ఎర్రబడి, కాసేపటికి గాని గొంతు వినిపించేది కాదు. మొదటి తరం కంప్యూటరు ఆ వాల్వులతోనే కట్టారు. వాల్వు ఒక స్విచ్ వంటిది. కరెంటు పారితే ఒకటి, పారకపోతే సున్నా. ఎంత పెద్ద లెక్కయినా ఈ ఒకటి, సున్నాలలోకి మార్చుకొని చేయవచ్చు. వాల్వులో కదిలే చక్రం లేదు గనుక వేగం ఎక్కువ.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళు శత్రువుల రహస్య లిపిని విప్పడానికి కొలోసస్ అనే వాల్వు యంత్రం కట్టారు. చాలాకాలం దాని సంగతి బయటికి చెప్పలేదు. లోకానికి తెలిసింది అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు విశ్వవిద్యాలయంలో ఎకర్ట్, మాక్లీ అనే ఇద్దరు కట్టిన ఎనియాక్. దానిని 1946 ఫిబ్రవరిలో ప్రజలకు చూపించారు. సుమారు 18,000 వాల్వులు, 30 టన్నుల బరువు, ఒక పెద్ద హాలంతా అదే. సెకనుకు 5,000 కూడికలు చేసేది. కాని వాల్వులు మాటిమాటికి మాడిపోయేవి. లెక్క మార్చాలంటే వందల తీగలు పీకి మళ్ళీ పెట్టాలి. దానికే రోజులు పట్టేది.

ఇక్కడ మన చెల్లెళ్ళు, కూతుళ్ళు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి వుంది. ఆ కాలంలో "కంప్యూటరు" అనేది యంత్రం పేరు కాదు, ఉద్యోగం పేరు. కాగితం మీద ఫిరంగి గుండ్ల లెక్కలు చేసే మనిషిని కంప్యూటరు అనేవారు. ఆ ఉద్యోగంలో చాలామంది లెక్కలు చదివిన ఆడపిల్లలే. వారిలో ఆరుగురిని – క్యాథలీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్ – ఎనియాక్ చేత లెక్క చేయించే పనికి తీసుకున్నారు. నేర్పే మాస్టరు లేడు, పుస్తకం లేదు. యంత్రం పటాలు ముందేసుకొని వాళ్ళే నేర్చుకున్నారు. ప్రదర్శన రోజున అందరూ మెచ్చుకున్న లెక్క వాళ్ళు సిద్ధం చేసిందే. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్ళను పిలవలేదు. వాళ్ళ పేర్లు కొన్ని దశాబ్దాల తరువాత గాని పుస్తకాల్లోకి ఎక్కలేదు. "ఆడపిల్లకు కంప్యూటరు ఎందుకు" అనే పెద్దమనిషి ఎవరైనా కనిపిస్తే ఈ ఆరు పేర్లు వినిపించవలసిందిగా మా మనవి.

1948లో మాంచెస్టరులో, 1949లో కేంబ్రిడ్జిలో తీగలు పీకే బాధ లేకుండా, ప్రోగ్రామును యంత్రం జ్ఞాపకంలోనే దాచుకునే కంప్యూటర్లు నడిచాయి. ఈనాటి యంత్రాలన్నీ ఆ పద్ధతి పిల్లలే.

రెండవ తరం: ట్రాన్సిస్టర్లు

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ అనే ఇద్దరు ట్రాన్సిస్టరును కనుక్కున్నారు. వాళ్ళకు పెద్ద అయిన షాక్లీతో కలిపి ముగ్గురికి 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. వాల్వు చేసే పనినే ట్రాన్సిస్టరు చేస్తుంది. కాని వాల్వులా వేడెక్కదు, మాటిమాటికి మాడిపోదు, శనగగింజంత చోటు చాలు. గోడ పక్కన కూర్చునే రేడియో చేతిలోకి వచ్చింది దీనివల్లే. కంప్యూటరు కూడా హాలులో నుంచి గదిలోకి వచ్చింది. 1959లో వచ్చిన ఐ.బి.ఎం. 1401 వేల సంఖ్యలో అమ్ముడుపోయింది. యుద్ధ విభాగం, విశ్వవిద్యాలయం దాటి బ్యాంకులు, బీమా ఆఫీసులు, ఫ్యాక్టరీల గుమ్మం ఎక్కింది.

ఈ కాలంలోనే ఇంకో మార్పు జరిగింది. గ్రేస్ హాపర్ అనే నౌకాదళ అధికారిణి, సంకేతాలతో రాసినదానిని యంత్రం భాషలోకి మార్చే ప్రోగ్రామును 1952లో తయారుచేసింది. ఆమె దారిలోనే 1959లో వ్యాపార లెక్కల కోసం కోబాల్ అనే భాష పుట్టింది. లెక్కల పండితుడు కానివాడు కూడా కంప్యూటరుకు పని చెప్పవచ్చునని అందరికీ తెలిసివచ్చింది.

మన దేశానికి వస్తే, ప్రొఫెసర్ మహలనోబిస్ 1955లో ఇంగ్లండు నుంచి ఒక యంత్రాన్ని కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు తెప్పించారు. బొంబాయిలో హోమీ భాభా గారి టాటా పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ నాయకత్వాన మనవాళ్ళే స్వయంగా ఒక కంప్యూటరు కట్టారు. అది 1960లో పని మొదలుపెట్టింది. 1962లో నెహ్రూ గారు దానికి టిఫ్రాక్ అని పేరు పెట్టారు. అది వాల్వులతో కట్టింది. పూర్తయ్యేసరికి ప్రపంచం ట్రాన్సిస్టర్లకు మారిపోయింది. అయినా ఆ కష్టం వృథా కాలేదు. కట్టినవాళ్ళకు విద్య చేతికొచ్చింది, వాళ్ళ దగ్గర మరికొందరు నేర్చుకున్నారు. కొని వాడుకోవడానికీ, విప్పి కట్టి నేర్చుకోవడానికీ వున్న తేడా ఇదే.

మూడవ తరం: చిప్పు

ట్రాన్సిస్టర్లు ఎన్ని పెడితే అన్ని తీగలు అతకాలి. అతుకు వదిలిందంటే యంత్రం ఆగింది. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్ట్ నాయిస్ ఎవరికి వారుగా ఒక ఉపాయం కనుక్కున్నారు. ఒక్క చిన్న బిళ్ళ మీదే ట్రాన్సిస్టర్లను, వాటిని కలిపే దారులను కలిపి ముద్రించడం. అదే చిప్పు. నాయిస్ వాడిన సిలికాన్ మూలం ఇసుకలో వుంటుంది. 1964లో ఐ.బి.ఎం. ప్రకటించిన సిస్టమ్ 360తో మూడవ తరం మొదలైందని లెక్క కడతారు. చిన్న యంత్రం కోసం రాసిన ప్రోగ్రాము పెద్దదాని మీద కూడా నడవడం దాని గొప్ప. 1965లో గోర్డన్ మూర్ అనే ఆయన, చిప్పు మీద పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపు అవుతోందని రాశాడు. పదేళ్ళ తరువాత దానిని రెండేళ్ళకు రెట్టింపు అని సరిదిద్దాడు. దశాబ్దాల పాటు దాదాపు అలాగే జరిగింది.

ఈ తరంలో మన హైదరాబాదు పేరు చరిత్రలోకి ఎక్కింది. నగరంలో ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా తెలియనివారు వుండరు. బస్సు మీద ఆ పేరు చదివి ఎక్కి దిగేవారిలో ఆ సంస్థ ఏం చేసిందో తెలిసినవారు తక్కువ. అణుశక్తి విభాగం కింద 1967లో అది స్థాపించబడింది. దానికి సారథి మన తెలుగువారైన అయ్యగారి సాంబశివరావు గారు. ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరున వెలసిందే. 1969లో ఇ.సి.ఐ.ఎల్. నుంచి టి.డి.సి.-12 అనే కంప్యూటరు వచ్చింది. ట్రాంబే అణుకేంద్రంలో జరిగిన పని మీద ఆధారపడింది గనుక పేరులో ట్రాంబే వుంది. తరువాత టి.డి.సి.-312, 316 వచ్చాయి. 1978లో ఐ.బి.ఎం. మన ప్రభుత్వం పెట్టిన వాటాల షరతుకు ఒప్పుకోక దేశం వదిలి వెళ్ళినప్పుడు దేశం చేతులు కట్టుకొని కూర్చోలేదంటే ఇటువంటి సంస్థలు, వాటిలో తయారైన ఇంజనీర్లు వుండబట్టే.

నాల్గవ తరం: మైక్రోప్రాసెసరు

1969లో జపానులోని బిజికామ్ అనే కంపెనీ, లెక్కల మిషన్ల కోసం చిప్పులు చేసిపెట్టమని అమెరికాలోని ఇంటెల్ కంపెనీని అడిగింది. అడిగినన్ని రకాల చిప్పులు చేసే బదులు, ఏ పని చెబితే ఆ పని చేసే ఒకే చిప్పు చేద్దామని టెడ్ హాఫ్ అనే ఇంజనీరు సూచించాడు. ఫాగిన్, మేజర్, బిజికామ్ తరఫున వచ్చిన షిమా కలిసి దానిని రూపానికి తెచ్చారు. 1971 నవంబరులో వెలువడిన ఆ చిప్పు పేరు 4004. గోరంత బిళ్ళ మీద 2,300 ట్రాన్సిస్టర్లు. కంప్యూటరు మెదడంతా ఒకే చిప్పులో ఇమిడింది.

ఇక తరువాత కథ పరుగు. 1975లో అల్టెయిర్, 1977లో యాపిల్ రెండు, 1981లో ఐ.బి.ఎం. పి.సి. వచ్చాయి. మన దేశంలో 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కంప్యూటర్ల దిగుమతి షరతులు సడలించింది. ఆ రోజుల్లోనే ఢిల్లీలో రైల్వే రిజర్వేషను కంప్యూటరు మీదికి ఎక్కింది. బడులకు కూడా ఒక పథకం వచ్చింది. 1984–85లో క్లాస్ అనే పేరుతో మొదట సుమారు 250 బడులకు బి.బి.సి. మైక్రో అనే యంత్రాలు ఇచ్చారు. ఇంత పెద్ద దేశంలో 250 బడులు ఏ మూలకు? మొదటి వరుసలో కూర్చున్న పిల్లలు అక్కడి నుంచే పైకి పోయారు. 1995 ఆగస్టు 15న దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. మన తెలుగు పిల్లలు వేలాదిగా అమెరికాకు విమానం ఎక్కారు. వారిలో మన ముస్లిం కుటుంబాల పిల్లలూ వున్నారు. అయితే వున్నవాళ్ళను చూసి సంతోషించే ముందు, మన బడి నుంచి ఎందరు వెళ్ళారని ఎవరికి వారు లెక్క వేసుకోవాలి.

కాతిబ్ కథ

ఇప్పుడు రెండవ మాటకు వద్దాం. యంత్రం రోజీ తీసేస్తుందా? దీనికి దూరం పోనక్కర లేదు. చార్మినారు దగ్గరి ఛత్తా బజారు వుంది. షాదీ రుఖ్ఖాలు, పోస్టర్లు, పుస్తకాలు అచ్చు వేసే వీధి. ఉర్దూ అచ్చు పని ఎన్నో ఏళ్ళు కాతిబ్ కలం మీదే నడిచింది. పత్రిక మొత్తాన్ని కాతిబులు చేత్తో రాస్తే దానిని అచ్చులోకి ఎక్కించేవారు. మద్రాసులో 1927లో మొదలైన "ముసల్మాన్" దినపత్రిక ఎన్నో దశాబ్దాలు చేతిరాతతోనే వెలువడింది.

ఎందుకలా? ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా ఇటుకల్లా పక్కపక్కన కూర్చుంటాయి. సీసపు అచ్చులు పోసి పేర్చవచ్చు. మన నస్తాలీఖ్ అలా కాదు. అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. మాట కుడివైపు పైన మొదలై ఎడమకు వాలుగా దిగుతుంది. నుఖ్తాలు ఎక్కడ సర్దుకోవాలో ప్రతిసారీ కొత్త లెక్క. అందుకే నస్తాలీఖ్‌ను యంత్రంలోకి ఎక్కించాలని చేసిన ప్రయత్నాలు చాలాకాలం సరిగా కుదరలేదు. ఈ లిపికి యంత్రం లొంగదు అనుకున్నారు.

లొంగదీసిన మనిషి ఇంజనీరు కాదు, ఒక ఖుష్‌నవీస్. ఢిల్లీలో పుట్టి, దేశ విభజన తరువాత కరాచీలో స్థిరపడిన మిర్జా అహ్మద్ జమీల్. అక్షరాలు విడిగా కాక, అక్షరాల జోడింపులనే పూర్తి రూపాలుగా యంత్రానికి ఇవ్వాలన్నది ఆలోచన. అందుకోసం ఆయన పదివేలకు పైబడిన జోడింపులను తన చేత్తో రాసి ఇచ్చారు. ఇంగ్లండులోని మోనోటైప్ కంపెనీ వాటిని కంప్యూటరులోకి ఎక్కించింది. తన తండ్రి నూర్ అహ్మద్ గారి పేరు మీద దానికి నూరీ నస్తాలీఖ్ అని పేరు పెట్టారు. 1981లో లాహోరులో "జంగ్" పత్రిక ఆ అక్షరాలతో వెలువడింది. 1994లో ఢిల్లీలోని ఒక కంపెనీ ఇన్‌పేజ్ అనే ప్రోగ్రాము తెచ్చింది. దానితో మామూలు కంప్యూటరు వున్న చిన్న దుకాణంలో కూడా ఉర్దూ పేజీ తయారయింది. 1980, 90 దశాబ్దాలలో మన హైదరాబాదు ఉర్దూ పత్రికలు కూడా కలం వదిలి కీబోర్డు పట్టాయి.

ఇందులో బాధ లేదని మేము అనము. ముప్పై ఏళ్ళు కలం పట్టిన చేతులు ఖాళీ అయ్యాయి. కొందరు కాతిబులు బోర్డులు రాసుకున్నారు, కొందరు పూర్తిగా ఆ పని మానుకున్నారు. వాళ్ళను ఆదుకునే ఏర్పాటు ఏదీ ముందుగా జరగలేదు. అది మన సమాజం చేయవలసి వుండి చేయని పని. కాని అదే సమయంలో కీబోర్డు నేర్చుకున్న కాతిబులు కూడా వున్నారు. పేజీలో ఎక్కడ ఖాళీ వదలాలి, శీర్షిక ఎంత లావుండాలి, ఏ మాట తప్పు పడింది అనేది వాళ్ళ కంటికి తెలుసు. ఆ కన్ను వున్నవాడు మిషను ముందు కూర్చుంటే వచ్చే పేజీ వేరు. యంత్రం కలాన్ని తీసుకుంది. ఆ యంత్రానికి నస్తాలీఖ్ రాయడం నేర్పింది మాత్రం కలమే. హునర్ వున్నవాడు యంత్రం దగ్గరికి వెళితే యంత్రమే అతని దగ్గర నేర్చుకుంటుంది. దూరంగా వుంటే అతని పని అతనికి తెలియకుండానే పోతుంది. రెండూ మన కళ్ళ ముందే జరిగాయి.

ఐదవ తరం

1982లో జపాను ప్రభుత్వం "ఐదవ తరం కంప్యూటరు" పేరుతో పదేళ్ళ పెద్ద పథకం మొదలుపెట్టింది. మనిషిలా ఆలోచించే యంత్రం చేయాలన్నది ఆశ. అనుకున్నంత ఫలితం రాలేదు. కాని యంత్రాలు మాత్రం చిన్నవి అవుతూనే వచ్చాయి. 4004లో 2,300 ట్రాన్సిస్టర్లు వుంటే, 2020లో వచ్చిన యాపిల్ ఎం-1 చిప్పులో 1,600 కోట్లు వున్నాయి. ముప్పై టన్నుల ఎనియాక్ కన్నా ఎన్నో రెట్లు బలమైన కంప్యూటరు ఇప్పుడు ఆటో నడిపే తమ్ముడి జేబులో ఫోను రూపంలో వుంది.

2022 నవంబరులో చాట్ జి.పి.టి. వచ్చాక, అడిగిన ప్రశ్నకు వాక్యాలతో జవాబు చెప్పే యంత్రాల సంగతి ఇంటింటికీ తెలిసింది. ఇది ఎలా నేర్చుకుంటుంది? మనుషులు రాసి కంప్యూటర్లలో పెట్టిన కోట్లాది పేజీలు చదివి, ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో పోల్చుకుంటుంది. ఇంగ్లీషులో రాసి పెట్టినది సముద్రమంత. తెలుగులో, ఉర్దూలో పెట్టినది దాని ముందు చెరువంత. ఏ భాషలో రాత తక్కువో ఆ భాషలో యంత్రం తడబడుతుంది. 1991లో వచ్చిన యూనికోడ్ అనే ఏర్పాటులో ప్రపంచ లిపులకు ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క నెంబరు ఇచ్చారు. తెలుగుకూ, మన ఉర్దూ రాసే అరబీ లిపికీ అందులో చోటు మొదటి నుంచీ వుంది. గది మనకు కేటాయించి వుంది. అందులో సామాను సర్దుకోవలసింది మనమే.

ఇంకొక జాగ్రత్త. ఈ యంత్రం చెప్పేదంతా నిజం కాదు. ఫోనులో వచ్చిన ప్రతి సందేశమూ నిజం కాదు. మన పెద్దలు హదీసును స్వీకరించే ముందు ఎవరు ఎవరి దగ్గర విన్నారు అనే ఇస్నాద్‌ను ఒక్కొక్క మనిషి దాకా వెళ్ళి పరీక్షించారు. ఆ తహ్‌ఖీఖ్ అలవాటు మన ఇంట్లోనే వుంది. ఫార్వర్డు నొక్కే ముందు ఆ అలవాటును తీసి వాడుకుంటే చాలు.

మనం చేయవలసినది

ఈ చరిత్రను చూస్తే ఒక సంగతి తేలుతుంది. ప్రతి తరంలోనూ యంత్రం చిన్నదయింది, చౌక అయింది, దానిని ముట్టుకోగలిగిన వాళ్ళు పెరిగారు. కాని ఏ తరంలోనూ అది దానంతట అది వచ్చి ఎవరి తలుపూ తట్టలేదు. ఎనియాక్ పటాలు ముందేసుకున్న ఆడపిల్లలు, టిఫ్రాక్ కట్టిన యువకులు, పదివేల జోడింపులు రాసిన ఖుష్‌నవీస్ – అందరూ కూర్చొని నేర్చుకున్నవాళ్ళే. ఇప్పుడు మన ప్రతి ఇంట్లో ఫోను వుంది. వాడేవాళ్ళం అయ్యాము. తయారుచేసేవాళ్ళం, పని చెప్పేవాళ్ళం ఇంకా కాలేదు.

ఉర్దూ మీడియం అడ్డం అనే మాటకు ఉస్మానియానే జవాబు. 1918లో ఆ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా మొదలయింది. దారుత్తర్జుమాలో సైన్సు, వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. భాష సైన్సును మోసింది. ఈనాడు గచ్చిబౌలిలో 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వుంది. జాతీయ ఉర్దూ కౌన్సిలు వారు కంప్యూటరు, అకౌంటింగు, బహుభాషా డి.టి.పి. కలిపి నేర్పే కోర్సు పెట్టారు. తరగతి గదిలో మేము రోజూ చూస్తున్న సంగతి ఏమంటే, మన పిల్లవాడికి లెక్క అర్థమవుతుంది. ఇంగ్లీషు పేరు వినగానే వెనక్కి జంకుతాడు. ఆ జంకు తీయడానికి అదే లెక్కను ముందు ఉర్దూలో, తరువాత తెలుగులో, ఇంగ్లీషులో పేరు చెబితే చాలు.

కాబట్టి సొసైటీ పెద్దలకు మా మనవి ఇది. ప్రతి ఏడూ స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాము, చాలా సంతోషం. దానితోపాటు ఆఫీసులో ఒక గది, నాలుగైదు వాడిన కంప్యూటర్లు, సాయంత్రం రెండు గంటలు నేర్పే ఒక మనిషి – ఇంత ఏర్పాటు చేయాలి. ఆడపిల్లలకు వేరే సమయం, వీలైతే లేడీ టీచరు వుండాలి. గదికి తాళం వేసి తాళంచెవి బీరువాలో దాచకూడదు. పాడవుతుందని పిల్లలను ముట్టుకోనివ్వని కంప్యూటరు అప్పటికే పాడయినట్లు. అక్కడ ఆటలు, వీడియోలే కాక అల్గోరిదం నేర్పాలి, లెక్క నేర్పాలి.

ఇంకొక చిన్న పని. మన సొసైటీ పాత సంచికలు, పెద్దల చేతిరాత డైరీలు, మసీదు, మదర్సా చరిత్రలు పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. సెలవుల్లో పిల్లలచేత వాటిని యూనికోడ్ తెలుగులో, ఉర్దూలో టైపు చేయిద్దాం. పిల్లలకు చేయి తిరుగుతుంది, మన చరిత్ర నిలుస్తుంది, రేపటి యంత్రాలకు మన భాష నాలుగు మాటలు ఎక్కువ తెలుస్తుంది.

చదువుకోవడం గురించే మొదటి వహీ అందిన ఉమ్మత్ మనది. కాతిబుల విషయంలో మనం ముందుగా ఏ ఏర్పాటూ చేసుకోలేకపోయాం. ఈ తరం పిల్లల విషయంలో అలా జరగకూడదు. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏటి సంచిక మన కంప్యూటరు గదిలో, మన పిల్లల చేతుల మీదుగా తయారు కావాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటాం.